మబ్బురౌతు కుడికాలు

నన్నే సాహెబ్‌కి తెలుగు చదవడం రాదు. ఈ మాట చెబితే ఆ రోజుల్లో విజయవాడలో నమ్మేవాళ్ళు తక్కువ. గాంధీనగరంలో సినిమా హాళ్ళ మీద కనపడే బారెడేసి తెలుగు అక్షరాల్లో సగానికి సగం ఆయన చేతిమీదుగా వచ్చినవే. 'క' చూసి అది క అని ఆయనకి తెలియదు గానీ, దాని తలకట్టు ఎంత వంగితే అందంగా ఉంటుందో ఆయనకి తెలిసినట్టు బడిపంతుళ్ళకి కూడా తెలియదు. డిస్ట్రిబ్యూటరు ఆఫీసు వాళ్ళు సినిమా పేరు కాగితం మీద రాసిస్తే, కొత్త మనిషి ముఖాన్ని చూసినట్టు దాన్ని కాసేపు అలా చూసి, గుడ్డ మీదికి దింపేసేవాడు. ఒక్క పొల్లు తప్పేది కాదు. "చదువొచ్చినవాళ్ళు తప్పులు రాస్తారు. నాకు రాదు కాబట్టి ఆ బాధ లేదు" అని ఆయనే నవ్వేవాడు.

తండ్రి జట్కాబండ్లకి రంగులేసేవాడు. బండి పక్కచెక్కల మీద చిలకలూ, నెమళ్ళూ, గులాబీలూ వేసిన చెయ్యి ఆయనది. కొడుకు ఆ చిలకల దగ్గర మొదలుపెట్టి సినిమా బ్యానర్ల షెడ్డులో తేలాడు. షెడ్డులో ఒక పద్ధతి ఉంది. చెట్లూ కొండలూ ఎవరైనా వెయ్యొచ్చు. చీరలూ నగలూ నాలుగేళ్ళు పనిచేసినవాళ్ళు వెయ్యొచ్చు. ముఖం మాత్రం మేస్త్రీయే వెయ్యాలి. నన్నే సాహెబ్ ఇరవై ఆరో ఏట ముఖం వేశాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళపాటు బెజవాడలో ఏ హీరో నవ్వినా, ఏ విలన్ కనుబొమ్మ ఎగరేసినా అందులో ఆయన కుంచె ఉండేది.

పంతొమ్మిదివందల డెబ్భైలో ఒక హాలు ముందు కటౌట్‌కి మెడ దగ్గర రంగు సరిచేస్తూ ముప్ఫై అడుగుల పైనుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది. కుడికాలు రెండుచోట్ల విరిగింది. అయిదు నెలలు ఆసుపత్రిలో ఉండి లేచేసరికి ఆ కాలు ఒకటిన్నర అంగుళాలు పొట్టిదై, పాదం లోపలికి తిరిగిపోయింది. ఇంక పైకెక్కడం కుదరదు. పైకెక్కని మేస్త్రీకి నలభై అడుగుల కటౌట్ ఎవరిస్తారు? ఆరేళ్ళపాటు ఆయన కిళ్ళీకొట్ల బోర్డులూ, రిక్షాల వెనక రేకులూ, హాలు లోపల పెట్టే చిన్న చిన్న అట్టలూ వేసుకుంటూ వచ్చాడు. పనికి కొదవ లేదు గానీ, పెద్ద హాళ్ళ ముందునుంచి వెళ్ళేటప్పుడు తల ఎత్తి చూడటం మానేశాడు.

మబ్బురౌతు ఆయన జీవితంలోకి వచ్చింది ఆ ఆసుపత్రిలోనే. 'వెన్నెలబండి' అని పిల్లల మాసపత్రిక ఒకటి వచ్చేది. అందులో ఆ నెలే మొదలైన సీరియల్ అది. పేరుకి పిల్లల కథే అయినా పెద్దవాళ్ళే ముందు లాక్కుని చదివేవాళ్ళు. నీలం తలపాగా, కళ్ళకి అడ్డంగా నల్లగుడ్డ, బూడిదరంగు గుర్రం. అన్యాయం జరిగిందంటే చాలు, గుర్రం వీపుమీదనుంచి ఒక్క గెంతు గెంతి మబ్బు ఎక్కేవాడు. ఆ తర్వాత గద్దలకి కూడా అందేవాడు కాదు.

నన్నే సాహెబ్ భార్య నజీమా ఎనిమిదో తరగతి దాకా తెలుగు బడిలో చదువుకుంది. మంచం పక్కన స్టూలు వేసుకుని ఆవిడ చదివితే ఆయన విన్నాడు. ఆ అలవాటు అలాగే ఉండిపోయింది. ప్రతి నెలా పత్రిక వచ్చాక మొదటి శుక్రవారం, జుమ్మా నమాజు అయ్యి భోంచేశాక, పటమటలోని వాళ్ళింట్లో ఆవిడ చాప మీద కూర్చుని చదివేది. ఆయన కుడికాలు చాపుకుని గోడకానుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు.

రౌతులో ఆయనకి అన్నిటికన్నా నచ్చింది ఎగరడం కాదు. నేల మీద నడక. మబ్బుల్లో పుట్టినవాడు కాబట్టి రౌతుకి నేల పడదు. కిందికి దిగితే కుడికాలు కుంటుతాడు. ఆ నొప్పిని ఎవరికీ కనపడనివ్వడు. ఇంత మంచి సంగతి కథలో ఉంటే, పత్రికలో బొమ్మలేసే ఆర్టిస్టు మాత్రం ఒక్క బొమ్మలోనూ ఆ కాలు వంకరగా వెయ్యలేదు. నన్నే సాహెబ్‌కి ఒళ్ళు మండేది. "కథ చదవకుండానే బొమ్మలేస్తాడల్లే ఉంది వీడు" అనేవాడు. నజీమా ఏమీ అనేది కాదు.

షెడ్డు పక్కనే బసవయ్య అద్దెపుస్తకాల కొట్టు. డిటెక్టివు నవల రోజుకి పది పైసలు. మబ్బురౌతు సంచికలు మాత్రం అద్దెకిచ్చేవాడు కాదు. మొదటి నెలనుంచీ ఒక్కటి పోకుండా కుట్టించి, కాలికో గుడ్డతో అట్ట వేయించి, అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు. కొట్టు ముందు బల్లమీద కూర్చుని చదువుకోవచ్చు, చేతులు కడుక్కుంటేనే. ఆ బల్లమీద సాయంత్రం డ్యూటీ దిగగానే వచ్చి కూర్చునే మనిషి కాశీరావు. రైల్వేలో బుకింగ్ క్లర్కు. ఆయనకీ మబ్బురౌతంటే ప్రాణమే, కాకపోతే దేన్నీ ఊరికే ఒప్పుకునే రకం కాదు.

డెబ్భై ఆరు వేసవిలో మబ్బురౌతు సినిమాగా వస్తోందని తెలిసింది. అక్కడితో ఆగితే బాగుండేది. తమ సినిమాలో రౌతు ఎగరడనీ, ఈ కాలం ప్రేక్షకులు నమ్మేటట్టు తీశామనీ డైరెక్టరు ఒక సినిమా పత్రికకి చెప్పాడు. ఆ ముక్క చదివిన రోజు బసవయ్య మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్ళలేదు.

"ఎగరని మబ్బురౌతు ఏమిటండీ? మబ్బు తీసేస్తే మిగిలేది ఉత్త రౌతేగా. ఆ మాత్రానికి స్టేషన్ దగ్గర జట్కావాణ్ణి పట్టుకొచ్చి తియ్యొచ్చు" అన్నాడు బసవయ్య.

"పుస్తకంలో ఎగిరితే మీ బుర్రలో ఎగిరాడండీ. తెర మీద ఎగరాలంటే నడుముకి తాడు కట్టాలి. ఆ తాడు కనపడి హాలంతా నవ్వుతారు. మనవాణ్ణి చూసి జనం నవ్వితే మీకు బాగుంటుందా?" అన్నాడు కాశీరావు.

"తాడు కనపడితే కనపడనీండి. రాసినాయన ఎగిరాడని రాశాడు. తియ్యడానికి హక్కు కొనుక్కున్నారు గానీ మార్చడానిక్కాదు."

"నాకైతే దెబ్బ తగిలితే నొప్పి పుట్టే రౌతు కావాలండీ. ఏమైనా సరే పైకెగిరిపోతానని తెలిసినవాడికి ధైర్యంతో పనేముంది? నాకూ రెక్కలుంటే మా ఆఫీసరుని రోజూ తిడతాను."

నెలరోజులపాటు ఇదే. బల్ల రెండు పార్టీలైంది. కాలేజీ కుర్రాళ్ళు కొందరు అటూ, గుమాస్తాలు కొందరు ఇటూ చేరారు. బసవయ్య పార్టీవాళ్ళు కాశీరావు పార్టీవాళ్ళకి పుస్తకాలు అద్దెకివ్వకూడదన్నంత దాకా వచ్చింది. షెడ్డులో కూర్చుని అవిసెనూనెలో రంగు నూరుకుంటూ నన్నే సాహెబ్ అంతా వినేవాడు. ఆయన్ని ఎవరూ అడగరు, ఆయన చెప్పడు. చదువు రానివాడికి పుస్తకం గురించి అభిప్రాయం ఉంటుందని ఎవరికీ తోచలేదు. ఆయన మాత్రం లోలోపల ఆశ్చర్యపోయేవాడు. ఇద్దరూ అన్నిసార్లు చదివారు కదా, ఆ కాలు సంగతి ఎలా మర్చిపోయారు? దెబ్బ తగిలి నొప్పి పుట్టే రౌతు పుస్తకంలోనే ఉన్నాడు కదా. అది గుర్తొస్తే వీళ్ళకి తగువే లేదు.

జూన్‌లో హాలు మేనేజరు కొండలయ్య షెడ్డుకి వచ్చాడు. స్టూలు మీద కూర్చుని, రుమాలుతో మెడ తుడుచుకుని, అసలు సంగతి చెప్పాడు.

"సాయిబు గారూ, మబ్బురౌతు కటౌట్ మీ చేత వేయిద్దామనుకుంటున్నా. నలభై అడుగులు. వద్దని చెప్పినవాళ్ళున్నారు. ముఖం మీరేసినట్టు ఇంకోళ్ళు వెయ్యలేరని నేనన్నా. ఎక్కే పని మీవాళ్ళు చూసుకుంటారు. ఇది బాగా వస్తే ఇకనుంచీ మా హాలు పనంతా మీదే. తేడా వస్తే మటుకు నేను మళ్ళీ మీ పేరెత్తలేను. ముందే చెబుతున్నా, ఏమీ అనుకోకండి."

"అనుకోడానికేముందండీ" అన్నాడు నన్నే సాహెబ్. ఆరేళ్ళ తర్వాత తలుపు తెరుచుకుంది, ఇది మూసుకుంటే ఇంక కిళ్ళీకొట్లే. ఆ సంగతి ఆయనకి తెలుసు, నజీమాకీ తెలుసు. ఆ సాయంత్రం ఆవిడ సేమ్యా వండింది, ఎందుకో చెప్పలేదు.

నలభై అడుగుల బొమ్మని నిలబెట్టి వెయ్యడానికి ఏ షెడ్డూ చాలదు. అయిదు ముక్కలుగా నేల మీద పరిచి వేస్తారు. ముందు కాళ్ళు. అవి ఆరగానే బండిమీద హాలుకి తీసుకెళ్ళి వరండా కప్పు మీద వెదుళ్ళకి బిగించేస్తారు. తర్వాత నడుము, ఆపైన ఛాతీ, చేతులు, అన్నిటికన్నా చివర ముఖం. అందుకని ఏ కటౌటైనా ఒకటి రెండు రోజులు ఉత్త కాళ్ళతో నిలబడి ఉంటుంది. రోడ్డున పోయేవాళ్ళు ఆ కాళ్ళని చూసి పైన ఏ హీరో వస్తాడో పందేలు వేసుకునేవాళ్ళు.

ఈసారి కాళ్ళే అసలు తగాదా. ఆఫీసువాళ్ళు ఇచ్చిన ఫొటోలో హీరో బండరాయి మీద నిలబడి ఉన్నాడు. మోకాళ్ళ దాకా పంచె, కాళ్ళకి కిర్రుచెప్పులు. బసవయ్య వచ్చి గుట్టుగా అడిగాడు. "సాయిబు గారూ, ఆ పాదాలు రాయికి ఒక నాలుగు వేళ్ళు పైన ఉండేటట్టు వెయ్యండి. అంత ఎత్తున ఎవరికీ తెలీదు. మనకి తెలుస్తుంది, చాలు." గంట తిరక్కుండా కాశీరావు వచ్చాడు. "ఆయన వచ్చి ఏదో చెప్పుంటాడు. పాదాలు మటుకు నేల మీదే ఉండాలి సాయిబు గారూ" అన్నాడు.

"ఇద్దరికీ నచ్చేటట్టు వేస్తాను, చూద్దురుగాని" అన్నాడు నన్నే సాహెబ్.

ఆయనకి అంత సంతోషంగా ఉండి చాలా కాలమైంది. ఏం వెయ్యాలో ఆయనకి ఖాయంగా తెలుసు. పాదాలు నేల మీదే ఉంటాయి, కాశీరావు కోరినట్టు. కుడికాలు పుస్తకంలో ఉన్నట్టు ఉంటుంది, బసవయ్య కోరినట్టు. ఫొటోలో హీరో కాలు తిన్నగా ఉంది, అది ఆయన లెక్కచెయ్యలేదు. షెడ్డు తలుపు వేసి, పైజామా మోకాలిదాకా మడిచి, తన కాలునే ఎదురుగా పెట్టుకున్నాడు. పిక్క సన్నబడిన చోటు, ఎముక అతికిన చోట గడ్డ, లోపలికి తిరిగిన పాదం, నేలకి ఆనని మడమ. ఆరేళ్ళుగా చూడ్డానికి ఇష్టపడని కాలు అది. పద్దెనిమిది అడుగుల ఎత్తున వేశాక చూస్తే, అబద్ధమెందుకు, ఆయనకి అది అందంగానే కనిపించింది. నజీమాకి చెప్పలేదు. శుక్రవారం రిక్షాలో తీసుకెళ్ళి చూపిద్దామనుకున్నాడు.

బుధవారం సాయంత్రం కాళ్ళు హాలెక్కాయి. గురువారం పొద్దున్నే కొండలయ్య రిక్షా పంపాడు.

హాలు ముందు నలభై యాభై మంది ఉన్నారు. హీరోగారి అభిమాన సంఘం వాళ్ళు వరండా మెట్లమీద నిలబడి కేకలేస్తున్నారు. మా హీరోకి కుంటికాలు పెడతారా, ఇది కావాలని చేసిన పని, సాయంత్రానికి తియ్యకపోతే తగలబెడతాం అంటున్నారు. కొండలయ్య ముఖంలో నెత్తురు లేదు.

"ఏమిటండీ ఇది? ఫొటో ఇచ్చాంగా. ఫొటోలో ఇలా ఉందా?"

"ఫొటోలో లేదండీ. పుస్తకంలో ఉంది" అన్నాడు నన్నే సాహెబ్. ఆయనకి భయం కూడా వెయ్యలేదు. గుంపులో బసవయ్యా కాశీరావూ కనపడ్డారు. "అడగండి, వాళ్ళు చదివినవాళ్ళు. చెప్పండి బసవయ్య గారూ, రౌతు నేల మీద కుంటుతాడు కదా."

బసవయ్య కాశీరావు వంక చూశాడు. కాశీరావు కటౌట్ వంక చూస్తూ నిలబడ్డాడు.

"ఎక్కడుందండీ?" అన్నాడు చివరికి బసవయ్య, మెల్లగా.

"కొంగలకోట కథలో. ఎక్కడేమిటి, చాలా చోట్ల ఉంది." నన్నే సాహెబ్ కళ్ళు మూసుకుని, నజీమా చదివినట్టే, ఆవిడ ఆగినచోటే ఆగుతూ చెప్పాడు. "కోట ముందు రౌతు గుర్రం దిగాడు. కుడికాలు నేలకి ఆనగానే పళ్ళు బిగించాడు. ఆ నొప్పి ఎవరికీ కనపడకూడదని నవ్వాడు. నవ్వుతూనే కుంటుకుంటూ కోటలోకి వెళ్ళాడు."

గుంపులో కేకలు తగ్గాయి. బసవయ్య ఎవరినో కొట్టుకి పంపి కాలికో అట్ట పుస్తకం తెప్పించాడు. పేజీలు తిప్పి కొంగలకోట పట్టుకున్నాడు. బూడిదరంగు గుర్రం, ఎత్తైన కోట ఉన్న ఆ బొమ్మ నన్నే సాహెబ్‌కి గుర్తే. బొమ్మ కింద వరస మీద బసవయ్య వేలు పెట్టాడు. వేలు ఆ చివరినుంచి ఈ చివరికి వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళింది. ఆ బొమ్మ కింద ఉన్నది ఆ ఒక్కటే వరస. తను చెప్పిన మాటలు అంత చోటులో పట్టవు. అక్షరాలు రానివాడైనా వరస పొడవు కొలవడం ఆయన వృత్తి. బసవయ్య తలెత్తేలోపే ఆయనకి అర్థమైపోయింది.

బసవయ్య సంగతి ఊరికంతా తెలుసు. కథలో ఒక కామా మారిస్తే ఒప్పుకోని మనిషి. ఆయన పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు.

"ఇందులో కాదండీ. తర్వాత ఇంకో సంచికలో ఉంది. అది నా దగ్గర పోయింది" అన్నాడు.

ఆయన దగ్గర సంచిక పోవడమా. ఆరేళ్ళుగా అలాంటి ఒక్క లోపం దొరికితే చాలని కాచుక్కూచున్న కాశీరావు ఎగిరి గంతెయ్యాల్సింది. ఆయన కటౌట్ కాలునీ, పైజామా కింద నన్నే సాహెబ్ కాలునీ చూశాడు. "అవునవును, నేనూ చదివాను. ఉంది" అన్నాడు. ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడటం ఊళ్ళోవాళ్ళు అదే మొదటిసారి చూడటం.

నన్నే సాహెబ్‌కి తల కొట్టేసినట్టయింది. మా ఆవిడ అలా చదివింది అనొచ్చు. నాలుగు ముక్కల్లో తప్పు తనమీదనుంచి పోతుంది. "పొరపాటు నాదేనండీ, సాయంత్రానికి సరిచేస్తాను" అన్నాడు కొండలయ్యతో.

పనివాళ్ళు ఎక్కుతామన్నారు, ఒప్పుకోలేదు. ఒంటిరంగు మీద ఇంకో చెయ్యి పడితే అతుకు తెలిసిపోతుందని వాళ్ళకి చెప్పాడు. అది నిజమే గానీ అసలు కారణం అది కాదు. ఆ కాలు ఇంకొకళ్ళు గీకెయ్యడం ఆయనకి ఇష్టం లేదు. నడుముకి తాడు కట్టించుకుని, చేతుల బలం మీద, ఆరేళ్ళ తర్వాత నిచ్చెన ఎక్కాడు. కింద నిచ్చెన ఒక పక్క బసవయ్య పట్టుకున్నాడు, ఇంకో పక్క కాశీరావు పట్టుకున్నాడు.

రంగు పైపైన ఆరినా లోపల ఇంకా పచ్చిగానే ఉంది. రేకుపట్టీతో గీకితే పిక్క పోయింది, గడ్డ పోయింది. గీకుతున్నంతసేపూ ఆయనకి నజీమా మీద కోపం రగులుతూనే ఉంది. ఆరేళ్ళు, డెబ్భై పైచిలుకు సంచికలు. ప్రతి నెలా కళ్ళు మూసుకుని చిన్నపిల్లాడిలా విన్నాడు. కాలు తిన్నగా దిగింది, మడమ రాయికి ఆనింది. ఎవరు చూసినా మంచి కాలే. ఆయనకి మాత్రం అది ఎవరిదో కాలులా అనిపించింది.

పొద్దుగూకేలోపు ముఖం కూడా పైకెక్కింది. అభిమాన సంఘం వాళ్ళే ఈలలు వేశారు. కొండలయ్య వచ్చి చెయ్యి పట్టుకుని, వచ్చేవారం సినిమా పని మాట్లాడటానికి సోమవారం రమ్మన్నాడు. గెలిచినట్టే. రిక్షాలో ఇంటికి పోతుంటే ఆ గెలుపు ఆయనకి గుర్తు కూడా లేదు.

ఆ రాత్రి తిని పడుకున్నాడు. శుక్రవారం ఊరంతా మ్యాటనీకి పోయింది. నమాజు నుంచి వచ్చి భోంచేసి, ఎప్పట్లా గోడకానుకుని కూర్చున్నాడు. నజీమా కొత్త సంచిక తీసింది.

"అది తర్వాత. కొంగలకోట తియ్యి" అన్నాడు.

ఆవిడ ట్రంకుపెట్టెలోంచి పాత సంచిక తీసి చాపమీద కూర్చుంది. "కోట ముందు రౌతు గుర్రం దిగాడు. కుడికాలు నేలకి ఆనగానే..."

"అక్కడ రాసింది చదువు."

నజీమా పత్రిక ఒళ్ళో పెట్టుకుంది. "బసవయ్య గారు చెప్పారా?"

"చెప్పలేదు. పైగా ఉందని నా కోసం అబద్ధమాడాడు. అలాంటి మనిషి చేత అబద్ధమాడించాను. యాభై మంది మధ్య నిలబడి లేనిది ఉందని చెప్పాను నజీమా. నన్ను వెర్రివాణ్ణి చేశావు."

ఆవిడ ఏడవలేదు. చాప అంచు వేలితో దువ్వుతూ చెప్పింది. "ఆసుపత్రిలో తొమ్మిది రోజులు మీరు గోడవైపు తిరిగి పడుకున్నారు. నాతో మాట్లాడలేదు, తిండి ముట్టలేదు. ఇది కొని మొదటి పేజీ చదివాను. ఎగిరేవాళ్ళ కథ నాకెందుకు, మూసెయ్ అన్నారు. రెండో పేజీలో రౌతుకి కుంటికాలు పెట్టాను. మీరు ఇటు తిరిగారు."

ఆయన ఆవిడ ఒళ్ళోని పత్రిక వంక చూశాడు.

"ఆ తర్వాత తీసెయ్యడం నాకు చేతకాలేదండీ. ప్రతి నెలా మీరు షెడ్డుకి వెళ్ళాక ముందు చదువుకుని, ఎక్కడ కలపాలో చూసుకునేదాన్ని. కొన్ని వదిలేసేదాన్ని కూడా."

"ఏం వదిలేశావు?"

నజీమా లేవలేదు.

"వదిలేసినవే చదువు. ఉన్నది ఉన్నట్టు" అన్నాడు ఆయన. కోపం ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియలేదు.

ఆవిడ పెట్టె అడుగునుంచి మూడో నెల సంచిక తెచ్చి, పేజీ వెతికి పట్టుకుంది. "పిడుగుకి మబ్బు రెండుగా చీలింది. రౌతు కాలి కింద ఏమీ లేదు. చేతికి అందిన గాలిని పట్టుకోబోయాడు. రౌతు పడిపోయాడు."

అక్కడ ఆగిపోయింది. ఆరేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు. 'ఆ రోజు' అనేవాళ్ళు, 'ఆసుపత్రి అప్పుడు' అనేవాళ్ళు. పడ్డ సంగతి మాత్రం ఇద్దరూ నోటితో చెప్పుకోలేదు.

"పిలిచింది నేనే" అంది నజీమా. "అన్నం క్యారియరు తెచ్చి కింద నిలబడ్డాను. వద్దు, పనిలో ఉన్నారు అనుకున్నాను. అనుకుని కూడా పిలిచాను. మీరు తల తిప్పారు. ఆ తర్వాతే పడ్డారు. ఆరేళ్ళనుంచీ చెబుదామనుకుంటున్నాను. మీరు నన్ను ఒక్కసారైనా అడిగి ఉంటే చెప్పేసేదాన్ని. మీరు అడగలేదు."

ఆయన అడగకపోవడానికి కారణం ఉంది. ఆయనకి తెలుసు. ఆ మధ్యాహ్నం మెడ దగ్గర నీడ దిద్దుతుంటే కిందినుంచి 'ఏమండీ' అని వినపడింది. బజారులో అన్ని చప్పుళ్ళ మధ్య కూడా అది నజీమా గొంతని తెలిసింది. తెలిసింది కాబట్టే తిరిగాడు, నవ్వుతూ తిరిగాడు. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు గోడవైపు పడుకున్నది కాలు పోయినందుకు కాదు. ఆవిడ ముఖం చూస్తే ఆ మాట ఎక్కడ నోరు జారుతుందోనని.

"నువ్వు పిలిచావా? నాకేం వినపడలేదే" అన్నాడు.

"తల తిప్పారు. నేను చూశాను."

"చెమట కంట్లో పడితే తుడుచుకోడానికి తిప్పాను. వెదురు కట్టిన తాడు సడలింది నజీమా. మనవాళ్ళు తర్వాత చూసి చెప్పారు. నువ్వు పిలిచినా పిలవకపోయినా ఆ కట్టు ఊడేదే."

"నిజంగానా?"

"నిజంగా. ఊళ్ళో అందరికీ తెలుసు, నీకు తెలీదని నాకు తెలీదు." కాలు కొంచెం జరుపుకుని, గోడకి ఇంకా వెనక్కి ఆనుకున్నాడు. "రౌతు పడ్డాడు. తర్వాతేమైందో చదువు."

నజీమా చాలాసేపు ఆయన ముఖంలోకి చూసింది. ముఖాలు వెయ్యడంలో ఆయన్ని మించినవాళ్ళు ఊళ్ళో లేరు, ఆ పూట తన ముఖాన్ని కూడా ఆయన అంత జాగ్రత్తగానూ పెట్టుకున్నాడు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, పేజీ తిప్పి, అక్కడున్నది అక్కడున్నట్టు చదవడం మొదలుపెట్టింది.